హుల్డా పంతులమ్మకు కనిపించిన ముడి

అమెరికాలోని పెల్టన్ ఊళ్ళో హుల్డా స్ప్రేగ్ పంతులమ్మ చేతికి ఏ గుడ్డ ఇచ్చినా ముందు వెనక్కి తిప్పి చూసేది. ముందువైపు మనుషులు చూడడానికి, వెనకవైపు దేవుడు చూడడానికి అని ఆవిడ సిద్ధాంతం. దేవుడికి శ్రమ లేకుండా ఆ రెండో పని కూడా తనే చేసి పెట్టేది. వెనక ఒక్క ముడి కనబడిందా, ఇక అంతే సంగతులు. తిట్టడం, బెత్తం తియ్యడం ఆవిడ ఎరగదు. గుడ్డను తిరిగి పిల్ల ఒళ్ళో పెట్టి ఒకే ఒక్క మాట అనేది.

"విప్పేయ్."

ఆ ఒక్క మాటతో ఇరవై రెండేళ్ళుగా ఆడపిల్లల కుట్టుబడి నడుపుతోంది. పీపాలు చేసే స్మిత్ ఇంట్లో ముందుగది అద్దెకు తీసుకుని, అందులోనే బడి, అందులోనే మంచం, అందులోనే పొయ్యి. గోడ అవతల స్మిత్ పీపాలకు కట్లు బిగిస్తూ సుత్తితో కొడుతుంటే, ఇవతల పిల్లలు ఆ దెబ్బకో కుట్టు చొప్పున కుట్టేవారు. స్మిత్ కాస్త ఎక్కువ తాగిన రోజున ఊరి ఆడపిల్లల కుట్లన్నీ వంకర పోయేవి. మర్నాడు అందరూ విప్పుకునేవారు.

పిల్ల బడిలో చేరగానే నారబట్ట మీద అక్షరాలన్నీ, అంకెలన్నీ, ఒక బైబిలు వాక్యం, దాని కింద తన పేరు, వయసు కుట్టాలి. ఆ విప్పుడూ ఈ విప్పుడూ అయ్యి "వయసు ఎనిమిది" దాకా వచ్చేసరికి పిల్లకు తొమ్మిది వచ్చేసేది. "నా గదిలో అబద్ధం కుట్టకూడదు. విప్పేయ్" అనేది హుల్డా. సరే, ఆ అంకె ఖాళీగా వదిలేద్దామంటే అదీ కుదరదు. ఖాళీ వదిలిన గుడ్డ, గుండీలు పెట్టుకోకుండా చర్చికి వచ్చిన మనిషి ఆవిడ దృష్టిలో ఒకటే. ఒకసారి పెళ్ళి విందులో పెళ్ళికొడుకు చొక్కా చేతి అంచు వెనక ముడి కనబడింది ఆవిడకు. పాపం ఆ అబ్బాయి ఒంటి చేతి చొక్కాతో నాట్యం చేశాడు.

ఇలాంటి మనిషికి కూడా కష్టకాలం వచ్చింది. నది అవతల కొత్తగా అకాడమీ అని ఒకటి వెలిసింది. బోస్టన్ నుంచి ఒక కుర్ర పంతులమ్మ దిగి ఫ్రెంచి, నాట్యం, వాటితో పాటు ఏడుపు పటాలు నేర్పడం మొదలుపెట్టింది. ఏడుపు పటం అంటే తెల్ల పట్టుగుడ్డ మీద రంగు దారాలతో కుట్టిన సమాధి. సమాధి మీద ఒక కలశం, పక్కన కొమ్మలన్నీ కిందికి జారవిడుచుకున్న విల్లో చెట్టు, చెట్టు కింద రుమాలు కళ్ళకు అద్దుకుంటున్న తెల్ల గౌను అమ్మాయి. సమాధి రాతి మీద పోయినవారి పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. ఆ రోజుల్లో ముందుగది గోడకు అలాంటి పటం వేలాడకపోతే ఆ ఇంటి పిల్లకు చదువు అబ్బనట్టే లెక్క. పద్దెనిమిది వందల ఆరో సంవత్సరం వసంతానికి హుల్డా బడిలో పదకొండు మంది కాస్తా ఐదుగురయ్యారు.

ఐదుగురికన్నా తగ్గితే గది వదిలెయ్యాలి. గది వదిలేస్తే వెర్మాంట్ కొండల్లో ఉన్న అన్న ఎజ్రా ఇంటికి పోవాలి. ఎజ్రాకు తొమ్మిది మంది పిల్లలు. ఏటా ఉత్తరం రాసేవాడు. "దేవుడి దయ వల్ల అందరం క్షేమం. చిరిగిన మేజోళ్ళు నలభై ఒకటి. నువ్వెప్పుడొస్తావు?" హుల్డా ఆ ఉత్తరం చదివినప్పుడల్లా గదిలో ఉన్న నాలుగు గోడల్నీ ఒకసారి చూసుకునేది. అన్నంటే ప్రేమ లేక కాదు. కానీ జీవితంలో మిగిలిన కాలమంతా మేజోళ్ళలో తల దూర్చి గడపాలంటే ఎవరికి మాత్రం మనసొప్పుతుంది?

అందుకని తనూ ఏడుపు పటాలు నేర్పుతానని చాటింపు వేసింది. జూన్ నెలలో ఊరందరి ముందు ప్రదర్శన అని కూడా చెప్పేసింది. ఐదుగురిలో నలుగురికి ఇబ్బంది లేదు. ఒకరికి తమ్ముడు, ఒకరికి నాయనమ్మ, ఇలా తలా ఒకరు పోయి ఉన్నారు. ఐదోది ఫిలూరా టట్టిల్. పద్నాలుగేళ్ళది. బడిలో అసలు సూది పట్టడం తెలిసిన పిల్ల అదొక్కతే. అది చట్రం ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"ఏమయిందే?" అంది హుల్డా.

"నాకెవ్వరూ లేరండీ."

"ఎవ్వరూ లేకపోవడమేమిటి? మీ ఇంట్లో పదకొండు మందున్నారుగా!"

"అందరూ ఉన్నారండీ. అదేగా నా ఏడుపు!"

నిజమే. టట్టిల్ వాళ్ళకు చచ్చిపోయే అలవాటు లేదు. తొంభై దాటితే గానీ ఆ ఇంట్లో ఎవరినీ ముసలివాళ్ళనరు. పక్కన కూర్చున్న పిల్లకు జాలేసింది.

"మా అత్తలిద్దరు పోయారే. ఒకత్తని నువ్వు తీసుకో."

"మీ అత్త నాకెందుకే? నాకు ఏడుపు రావద్దూ?"

"నాకు మాత్రం వస్తోందా? తొడలు గిల్లేది ఆవిడ."

"పోనీ పెద్ద జనరల్ గారిని కుట్టు" అంది ఇంకో పిల్ల. యుద్ధం గెలిపించి దేశానికి మొదటి అధ్యక్షుడైన ఆ జనరల్ పోయి ఆరేళ్ళు దాటింది. అప్పటి నుంచి ఊళ్ళో ఇంటికొకటి చొప్పున ఆయనకు సమాధులు కుట్టేశారు ఆడపిల్లలు. ఇంకొకటి కుడితే చూసి ఏడ్చే ఓపిక ఎవరికీ లేదు. ఫిలూరా ఆ పూట ఇంటికి పోయి బీన్సు ముట్టుకోకుండా ముసుగు తన్నింది.

మర్నాడు పొద్దున్నే దాని తాత కెప్టెన్ జేబెజ్ టట్టిల్ సుసానా అనే తన గుర్రం ఎక్కి బడి ముందు దిగాడు. శత్రువు అనేవాణ్ణి కళ్ళతో చూడకుండానే ఊరి పటాలానికి కెప్టెనయిన ఘనుడు. డెబ్బై తొమ్మిదేళ్ళు. గుమ్మంలో టోపీ తీసి అన్నాడు.

"పంతులమ్మ గారూ, మీ చదువుకి మా ఇంట్లో ఎవరో ఒకరు చావాలటగా. నన్ను వేసుకోండి."

"మీరు బతికే ఉన్నారు కదండీ."

"అదో పెద్ద అడ్డమా? పేరుంది, పుట్టిన తేదీ ఉంది. సగం పని అయిపోయినట్టేగా!"

"పోయిన తేదీ మాట?"

"ఖాళీ వదిలెయ్యండి."

హుల్డా ఆయన వంక చూసిన చూపుకి సుసానా కూడా ఒకడుగు వెనక్కి వేసింది. "నా గదిలో ఖాళీ వదలను."

"అయితే ఏదో ఒకటి వెయ్యండి."

"అబద్ధం కుట్టించను."

కెప్టెన్‌కు రోషం వచ్చింది. "అబద్ధమేమిటమ్మా! అక్టోబరు ఇరవై వెయ్యండి, ఈ ఏడే. అప్పటికి ఆపిళ్ళు పిండి సైడర్ తీయడం అయిపోతుంది, ఓ పీపా తాగడమూ అయిపోతుంది. ఆ తేదీకి పోతాను. టట్టిల్ మాట ఇస్తే మాటే."

అప్పుడు హుల్డా ఒప్పుకోకుండా ఉండాల్సింది. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. కానీ ప్రదర్శనకు ఎనిమిది వారాలే ఉన్నాయి, ఫిలూరా పటం లేకపోతే చూపించదగ్గ పటమంటూ బడిలో లేదు, జేబులో ఎజ్రా ఉత్తరం కరకరలాడుతోంది. ముసలాయన ఏదో వేళాకోళమాడుతున్నాడులే అనుకుని తల ఊపేసింది.

ఆ తర్వాత కెప్టెన్ రోజూ బడికి రావడం మొదలెట్టాడు. తన సమాధి తను చూసుకోవద్దూ! స్టూలు వేసుకుని మనవరాలి పక్కన కూర్చుని పనివాడి మీద మేస్త్రీలా అజమాయిషీ చేసేవాడు.

"రాయి ఇంకాస్త వెడల్పుగా ఉండాలే. పోయిన మా పక్కింటి పెల్‌హామ్‌కి కూడా ఇంతకన్నా పెద్దది ఉంది."

"పట్టు అయిపోతుంది తాతయ్యా."

"ఆ పిల్లేమిటి ఒక్కతే ఏడుస్తోంది? ఇంకో నలుగురిని పెట్టు. నేనేమన్నా దిక్కులేని చావు చచ్చానా?"

చివరికి రాజీ కుదిరింది. మనుషులు కుదరదు గానీ సుసానాకు చోటిస్తామంది హుల్డా. గుర్రం కూడా ఏడవాలన్నాడు కెప్టెన్. గుర్రాలు ఏడవవు అంది హుల్డా. మీకు సుసానా సంగతి తెలియదు అన్నాడాయన. ఫిలూరా కాడ కుట్టుతో గుర్రం కంటి నుంచి రెండు నీలం చుక్కలు జారినట్టు కుట్టింది. ఏడుస్తున్న అమ్మాయి ముఖం మాత్రం కుట్టడానికి వీల్లేదు, రంగులతో వేయించాలి. ఊళ్ళో బొమ్మలు వేసేవాడు ఒక్కడే. వాడికి వచ్చిన ముఖం కూడా ఒక్కటే, సారాయి కొట్టు బోర్డు మీది రాణి గారిది. అందుకని ఆ అమ్మాయి తాతగారి సమాధి ముందు రుమాలు పట్టుకుని, లోపలికి రండి అన్నట్టు నవ్వుతూ ఏడుస్తుంది.

ప్రదర్శన రేపనగా ఫిలూరా ఆఖరి కుట్టు వేసి సూది గుచ్చిందో లేదో, కెప్టెన్ పట్టుగుడ్డను చట్రంలోంచి తప్పించి, చంకన పెట్టుకుని, గాజు బిగించడానికి వడ్రంగి దగ్గరికి ఉడాయించాడు. హుల్డా సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కున్న అంగుస్తానాతోనే గుమ్మం దాకా పరిగెత్తింది.

"కెప్టెన్ గారూ! వెనకవైపు చూడలేదండీ!"

"ఫరవాలేదు, గోడకి ఆనుకుంటుందిగా!" అని గుర్రం మీది నుంచి కేకేశాడాయన.

వెనకవైపు చూడకుండా ఆవిడ గది దాటి వెళ్ళిన మొదటి పని అదే. ఆ రాత్రి హుల్డాకు కంటి మీద కునుకు లేదు.

ప్రదర్శన మాత్రం అదిరిపోయింది. జనం నలుగురు పిల్లల పటాల్నీ అలా చూసి, ఫిలూరా పటం దగ్గర ఆగిపోయారు. పటం పక్కనే కెప్టెన్ పటాలం కోటు వేసుకుని నిలబడి, తన చావుకు వచ్చిన పరామర్శలు స్వయంగా అందుకున్నాడు.

"ఎంత మంచివాడండీ మీరు!" అని కళ్ళు తుడుచుకుందొకావిడ.

"ఏం చేస్తాం తల్లీ! తీసుకుపోయాడు" అని ఆయనా గొల్లుమన్నాడు.

పాదిరి గారు కూడా రెండు మాటలు మాట్లాడి రుమాలు తీసుకుని కూర్చున్నారు. ఆ వారంలో ఇళ్ళ నుంచి ఆయనకు సంతాపంగా నాలుగు ఆపిల్ కేకులు వచ్చాయి. నాలుగూ ఆయనే తిన్నాడు. వారం తిరిగేలోగా అకాడమీ నుంచి తొమ్మిది మంది పిల్లలు నది దాటి హుల్డా దగ్గరికి వచ్చేశారు. ఎజ్రాకు ఆవిడ రాసిన జవాబులో ఒకే ఒక్క మాట, ఇప్పుడప్పుడే రాలేనని.

సెప్టెంబరు దాకా అంతా బాగానే ఉంది. ఆపిళ్ళు ఎర్రబడుతున్న కొద్దీ కెప్టెన్ తెల్లబోవడం మొదలయింది. పటాన్ని పడకగదిలో మంచానికి ఎదురుగా తగిలించుకున్నాడేమో, కళ్ళు తెరిస్తే తేదీ, కళ్ళు మూస్తే తేదీ. అక్టోబరు మొదటి తారీఖున పటాలం కోటు వేసుకుని, కాళ్ళు దగ్గరికి చేర్చుకుని మంచమెక్కేశాడు. వడ్రంగికి కబురుపెట్టి శవపేటికకు కొలతలిచ్చాడు. డాక్టరు వచ్చి నాడి చూసి, నాకన్నా ఈయనే గట్టిగా ఉన్నాడని చెప్పి పోయాడు.

ఆ వార్త ఊరంతా పాకింది. పాకడం పాకడం కాస్త ముదిరింది కూడా. హుల్డా పంతులమ్మ గదిలో తేదీ కుడితే మనిషి ఉండడట అన్నారు. బడిలో చిన్నపిల్లలు కుటుంబం వరసలు కుట్టేవారు. అమ్మ, నాన్న, అన్నదమ్ముల పేర్లు, పుట్టిన తేదీలు, పోయినవాళ్ళుంటే ఆ పక్కనే పోయిన తేదీలు. ఒక తండ్రి కూతురు ఒళ్ళో తన పేరు, దాని పక్కకు వస్తున్న సూది చూసి, అరుపు అరిచి, గుడ్డా పిల్లా ఎత్తుకుని బడిలోంచి పారిపోయాడు. మూడు రోజుల్లో పద్నాలుగు మంది నలుగురయ్యారు. నాలుగో రోజున ఎజ్రా ఉత్తరం వచ్చింది. మేజోళ్ళు యాభై మూడు.

హుల్డా అక్టోబరు పదిహేడున టట్టిల్ వాళ్ళింటికి వెళ్ళింది. మంచం పక్కన కెప్టెన్ భార్య కూర్చుని మేజోడు అల్లుకుంటోంది.

"చూడమ్మా, ఈయనకి చావొచ్చింది" అంది ముసలావిడ అల్లిక ఆపకుండా. "పోతే పోయారు గానీ, ఆ కోటు నలక్కుండా పొమ్మంటున్నా."

"లేవండి కెప్టెన్ గారూ" అంది హుల్డా. "జబ్బేమీ లేదని డాక్టరు చెప్పాడటగా."

"జబ్బుతో పనేముందమ్మా. మాట ఇచ్చాను."

"వెనక్కి తీసుకోండి."

"ఊరు ఊరంతా నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. కేకులు పంపారు, తిన్నాను. తిన్న కేకు వెనక్కి ఎలా తీస్తానండీ? మర్యాదగా ఉంటుందా?"

హుల్డా గొంతు సవరించుకుంది. ఇరవై రెండేళ్ళలో ఆ గొంతులోంచి రాని మాట ఒకటి బయటికి వచ్చింది. "తప్పు నాది. ఆ తేదీ నేను కుట్టనివ్వకుండా ఉండాల్సింది."

"మీదా!" అని ముసలాయన లేచి కూర్చోబోయి, చావు గుర్తొచ్చి మళ్ళీ పడుకున్నాడు. "మీ గదిలోంచి తప్పు వచ్చిందా? మా కోడలి చేత పెళ్ళి దుప్పటి నాలుగుసార్లు విప్పించారు. పెళ్ళి ఆర్నెల్లు ఆగింది. ఊళ్ళో పాదిరి గారి మాట తప్పొచ్చు, పంచాంగం తప్పొచ్చు, మీ గదిలో కుట్టింది తప్పదు. అక్టోబరు ఇరవై అని ఉందంటే ఇరవయ్యే."

చూడండి విడ్డూరం! ఆవిడ జీవితమంతా సంపాదించుకున్న మంచి పేరే ఆవిడ పీకకు చుట్టుకుంది. ఈయన బతికుంటే మాట తప్పిన బెంగతో మంచం దిగడు, పోతే బడి మూత. గుమ్మం దగ్గర ఫిలూరా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఏడుపు పటానికి ఏడుపు కోసం వెతుక్కున్న పిల్లకు ఇప్పుడు కావలసినంత ఏడుపు వచ్చింది.

హుల్డాకు ఒక్కసారి గుర్తొచ్చింది. "కెప్టెన్ గారూ, ఆ పటం నా గదిలోంచి వెళ్ళినట్టు లెక్క కాదు. నేను వెనకవైపు చూడలేదు. మీరు ఎత్తుకుపోయారు."

ముసలాయన ఒక కన్ను తెరిచాడు. "అయితే?"

"ముడి ఉంటే ఆ పని చెల్లదు. ఉందో లేదో చూడాలి."

పటం దించింది. పొయ్యి పటకారుతో వెనక చెక్క మేకులు ఒక్కొక్కటీ లాగింది. పిల్లలు తేదీల దగ్గరే ముడి వేస్తారని ఆవిడకు తెలుసు. అంకెకీ అంకెకీ మధ్య దారం తెంపాలి, తెంపిన చోటల్లా కొస దాచాలి, దాచే ఓపిక లేక ముడి వేస్తారు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారే ముడి లేకుండా వచ్చిన తేదీ ఆవిడ చూడలేదు. తప్పకుండా ఉంటుందనే ధైర్యంతో చెక్క తీసి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, పట్టుగుడ్డను వెనక్కి తిప్పింది.

ముడి లేదు. తేదీ దగ్గర లేదు, పేరు దగ్గర లేదు, చెట్టు కొమ్మల్లో లేదు, చివరికి సుసానా కన్నీటి చుక్కల వెనక కూడా లేదు. ప్రతి కొసా పక్క కుట్టు కింద దూరి మాయమయింది. ఏది ముందో ఏది వెనకో చెప్పలేనంత శుభ్రంగా ఉంది. హుల్డాకు కళ్ళు చెమర్చాయి. ఇలాంటి వెనకవైపు కోసం ఆవిడ ఇన్నేళ్ళుగా ఎదురుచూసింది. ఎదురుచూస్తున్నట్టు కూడా తనకు తెలియదు. అది కనబడ్డ రోజున దాన్ని బాగుందని చెప్పడానికి లేకుండా పోయింది. బాగుందంటే ఆ తేదీ ఖాయమైపోతుంది, కుట్టిన పిల్లేమో గుమ్మంలోనే నిలబడి వింటోంది.

"ఏమయింది?" అన్నాడు మంచం మీది నుంచి కెప్టెన్.

హుల్డా గుడ్డ మీది నుంచి కళ్ళెత్తలేదు. "ముడి" అంది.

"ఏదీ, నాకు చూపించండి."

"మీకు కనబడదు. దీన్ని చూడడానికి ఇరవై రెండేళ్ళ అలవాటు కావాలి."

కెప్టెన్ మనవరాలి వైపు తిరిగాడు. "ఏమే ఫిలూరా! ముడి వేశావా?"

ఫిలూరా ముఖం జేవురించింది. ఆ పిల్ల పంతులమ్మ వైపు చూసింది. హుల్డా కిటికీ వైపు తిరిగే ఉంది గానీ, బొటనవేలితో ఆ తేదీని మూసి పట్టుకుంది. గుడ్డ వెనకవైపును ఆవిడ దాచడం బడిలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. ఫిలూరాకు సంగతి అర్థమయింది.

"వేశాను తాతయ్యా. పంతులమ్మ గారు చూడరులే అనుకున్నా."

"ఓసి దొంగ భడవా!" అని ముసలాయన రెండు మోచేతుల మీద లేచాడు. "అయితే ఆ తేదీ?"

"చెల్లదు" అంది హుల్డా. చట్రం తెచ్చి ఫిలూరా ఒళ్ళో పెట్టింది. మామూలుగా అనే మాటే. ఆ పూట మాత్రం పిల్ల ముఖంలోకి చూడకుండా అంది. "విప్పేయ్."

ఫిలూరా కిటికీ పక్కన కూర్చుని సూది మొనతో ఒక్కొక్క కుట్టూ ఎత్తి, కత్తెరతో తెంపి, పోగులు తీసింది. "ఇరవై" పోయేసరికి కెప్టెన్ దిండుకు జేరబడి కూర్చున్నాడు. "అక్టోబరు" పోయేసరికి కాళ్ళు కిందికి దించాడు. సంవత్సరంలో ఇంకా రెండు అంకెలుండగానే వంటింట్లోకి కేకేశాడు.

"కోడలా! బీన్సు ఉన్నాయా?"

"అయ్యో, మీరు చచ్చిపోతారని తక్కువ వండానండీ మావయ్య గారూ!"

"ఖాళీ వదిలేస్తున్నారేమిటి?" అంది ముసలావిడ పటం వంక చూసి. "మీకు ఖాళీ పడదుగా?"

"పడదు" అంది హుల్డా. "అయినా వదిలేస్తున్నాను."

బయటికి వచ్చాక ఫిలూరా గేటు దాకా వెనకే వచ్చింది. గేటు గడియ తీస్తూ వేస్తూ నిలబడింది.

"ముడి లేదు కదండీ."

"లేదు."

"ఆ తేదీ నాకు నేనే మూడుసార్లు విప్పుకుని కుట్టానండీ. మీరు వెనక్కి తిప్పి చూస్తారు కదా అని. తీరా మీరు చూడకుండానే తాతయ్య పట్టుకుపోయాడు. ఆ రోజంతా ఏడ్చాను."

"ఇవాళ చూశాను కదా."

"ఎలా ఉందండీ?"

హుల్డాకు మెచ్చుకోవడం అలవాటు లేదు. "అలాంటి వెనకవైపు నా చేత్తో నేను కూడా ఎప్పుడూ కుట్టలేదు" అంది. రెండడుగులు వేసి మళ్ళీ తిరిగింది. "ఈ మాట బడిలో అన్నావంటే నీ చేత అక్షరాల గుడ్డ మొదట్నుంచీ కుట్టిస్తా."

అక్టోబరు ఇరవైన కెప్టెన్ సుసానా ఎక్కి ఊరంతా రెండు చుట్లు తిరిగాడు, ఎవరికైనా అనుమానముంటే తీరుతుందని. కేకులు పంపిన నలుగురి ఇళ్ళకూ ఒక్కో బుడ్డి సైడర్ ఇచ్చి లెక్క సరి చేశాడు. శవపేటికలో మొక్కజొన్నలు పోసుకున్నాడు. పిల్లల్ని పట్టుకుపోయిన తండ్రులు ఒక్కొక్కరే తలవంచుకుని బడికి తిరిగి తీసుకొచ్చారు. పంతులమ్మ కంటికి చావు కూడా ఆనదట అని ఇప్పుడు ఊరు కొత్త పాట అందుకుంది. హుల్డా ఎజ్రాకు సూదుల పొట్లం ఒకటి పంపి, మేజోళ్ళు పిల్లల చేతే కుట్టించమని, తప్పు కుడితే ఏమనాలో కూడా రాసింది.

ఆ తర్వాత పదిహేనేళ్ళు ఆ రాతి మీద ఖాళీ అలాగే ఉంది. పట్టు కదా, సూది పోయిన రంధ్రాలు మూసుకోవు. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినప్పుడు పాత తేదీ సన్నగా కనబడేది. ఏటా అక్టోబరు ఇరవైన కెప్టెన్ చుట్టాల్ని పిలిచి, చెయ్యి అడ్డం పెట్టి మరీ చూపించి, ఇదిగో ఈ రోజునే నేను పోయాను అని చెప్పుకుని సైడర్ పోసేవాడు.

చివరికి తొంభై నాలుగో ఏట ఒక మార్చి నెలలో, ఇంకో గరిటె బీన్సు వెయ్యమని గిన్నె చాచి, అలాగే పోయాడు. అప్పటికి ఫిలూరా అదే గదిలో హుల్డాతో పాటు పంతులమ్మగా ఉంది. హుల్డాకు కళ్ళు మసకబారాయి. గుడ్డ వెనకవైపు చూపుతో కాదు, వేలికొసతో తడిమి చూస్తోంది.

అంత్యక్రియలయిన వారానికి ఫిలూరా ఆ పటం విప్పి, పాత రంధ్రాల పక్కన నిజం తేదీ కుట్టింది. తెచ్చి హుల్డా చేతికిచ్చింది. హుల్డా ఎప్పటిలాగే వెనక్కి తిప్పింది. చూపుడు వేలు చెట్టు కొమ్మల మీదుగా, సుసానా మీదుగా పాకి తేదీ దగ్గరికి వచ్చి ఆగింది. మళ్ళీ వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చింది. అక్కడ ఆవగింజంత ముడి ఉంది.

గదిలో పిల్లలందరి సూదులూ ఆగిపోయాయి. గోడ అవతల స్మిత్ కొడుకు సుత్తి కొడుతూనే ఉన్నాడు గానీ ఆ దెబ్బకు ఎవరూ కుట్టు వెయ్యలేదు. ఇప్పుడు ఆ మాట రాబోతోందని, అదీ తమ రెండో పంతులమ్మకే తగలబోతోందని అందరూ ఊపిరి బిగబట్టారు.

"ఏమిటిది?" అంది హుల్డా.

"ముడండీ" అంది ఫిలూరా నెమ్మదిగా. "పదిహేనేళ్ళ కిందట మీరు చూసిందే."

హుల్డా వేలు ఆ ముడి మీదే చాలాసేపు ఉండిపోయింది. తర్వాత గుడ్డను జాగ్రత్తగా ముందువైపుకు తిప్పి, ఫిలూరా చేతిలో పెట్టింది.

"గాజు బిగించమని చెప్పు" అంది.